పసుపు ఓణీ కింద కడియాలు

ఏప్రిల్ 4, జోధ్‌పూర్

జీజీ,

కుంకుడుకాయ నురగే వాడతాం. చింతపండు కాదు. చింతపండుతో తోమితే వెండి తెల్లగా వస్తుంది గానీ సందుల్లో ఉన్న నలుపు కూడా పోతుంది. ఆ నలుపు ఉంటేనే కడియాల చివర చెక్కిన మొసలి మూతి, పూరేకులు కళ్ళకి కనపడేది. అది పోతే స్టీలు గిన్నెలా ఉంటుంది.

నువ్వు అడగలేదనుకో. ఊరికే చెప్తున్నా. ఎందుకంటే అమ్మ కాలి కడియాలు, మెడలో కంటె నా దగ్గరే ఉన్నాయి. నీ ఆడపడుచు సుగ్నా పెళ్ళికి నువ్వు వేసుకోవాలని అమ్మ ఇచ్చింది. నేనే తోముతున్నా.

కంటె వేసుకున్నప్పుడు లోపల ఇంకో గొలుసు వెయ్యకు. మెడ దగ్గర అదొక్కటే ఉండాలి. జాకెట్టు మెడ గుండ్రంగా కుట్టించు, కోసుగా వద్దు. ఘాగ్రా నాలుగు వేళ్ళు పొట్టిగా ఉండాలి, లేకపోతే కడియాలు అంచు కింద దాక్కుంటాయి. చేతులకి లక్క గాజులు చాలు. అన్నీ వెండే వేస్తే కొట్లో బొమ్మలా ఉంటావు.

నీతో ఫోన్లో మాట్లాడాలంటే నాకు నోరు రాదు, తెలుసుగా. అందుకే రాస్తున్నా. తప్పులుంటే నవ్వుకో, ఐదో క్లాసుతో ఆపేసినవాణ్ణి.

తమ్ముడు కేసా


ఏప్రిల్ 5

కేసా,

రాయడమే మంచిది. వాయిస్ మాత్రం పెట్టకు, మా అత్త పక్కనే కూర్చుని వింటుంది.

ముందు ఇది చెప్పు. నాకు రావాల్సిన వెండి నీ చేతికి ఎందుకొచ్చింది? హోలీ అయ్యాక అమ్మ పీపాడ్‌లో మామ ఇంటికి వెళ్ళింది. మామ ఇంటి నుంచి మా ఊరికి బస్సుంది. నాకు పంపకుండా నీకు పంపిందా? అదీ నగలు అద్దెకిచ్చే కొట్లో పనిచేసేవాడికి?

నాకు జాకెట్టు మెడ గురించి చెప్పడానికి నువ్వెవడివి? ఇక్కడ ఆడవాళ్ళు ఏమంటున్నారో విను. "ధాపూ, మీ తమ్ముడు పట్నంలో పెళ్ళికూతుళ్ళకి బొట్టుబిళ్ళలు అతికిస్తాడంట కదా, మా పిల్లకి కూడా అతికించమను" అని నవ్వుతున్నారు. పదహారేళ్ళ మగపిల్లాడివి. మీసం వచ్చే వయసులో గాజుల సైజులు నేర్చుకున్నావు.

పెళ్ళి ఆఖాతీజ్ నాడు, అక్షయ తృతీయకి. దానికి ముందు కుమ్మరి ఇంటికి వెళ్ళి చక్రానికి పూజ చేసి, కుండలు నెత్తిన పెట్టుకుని రావాలి. ముందు నడవాల్సింది పెద్దకోడలు. అంటే నేను. మా అత్త చుట్టాల ముందే అంది, "మా కోడలు ఉత్త కాళ్ళతో నడిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను" అని. నేను అన్నాను, మా అమ్మ కడియాలు వస్తున్నాయి చూడండి అని. అందరూ విన్నారు. ఆ పూజ నాటికి అవి నా కాళ్ళకి ఉండాలి కేసా. లేకపోతే ఈ ఇంట్లో నేను తలెత్తుకోలేను.

ఈ వారమే పంపు.

ధాపు


ఏప్రిల్ 9

జీజీ,

పంపిస్తా. కొంచెం ఆగు. కంటె కొక్కెం వదులుగా ఉంది, గట్టి చేయించాలి.

నేను చేసేది బొట్టుబిళ్ళలు అతికించడం ఒక్కటే కాదు. పెళ్ళికొడుకులకి తలపాగా కడతా. నిన్న ఢిల్లీ నుంచి ఒకడొచ్చాడు. పచ్చ తలపాగా, దాని మీద ముత్యాల పతకం, ఈక, మెడలో మూడు హారాలు, అన్నీ అయ్యాక నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. మా కొట్టు సేఠ్ మూల్‌చంద్ "బాగుంది సాహెబ్, చాలా బాగుంది" అన్నాడు. వాడు వెళ్ళాక "గుడ్డివాడి పెళ్ళి ఊరేగింపులా ఉంది" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఈక ఎడమ పక్కకి వాలితే ఒక అందం, కుడి పక్కకి వాలితే దెబ్బ తగిలినట్టు ఉంటుంది. ఇది మా సేఠ్‌కి కూడా తెలియదు, నన్నే పిలుస్తాడు.

నా గురించి బెంగపడకు. ఇప్పుడు హోటల్ తిండి లేదు. ఒకావిడ వండి పెడుతుంది. సజ్జరొట్టె, నెయ్యి, వెల్లుల్లి కారం. ఒళ్ళు చేశానని సేఠ్ అంటున్నాడు.

కేసా


ఏప్రిల్ 10

ఒకావిడ ఎవరు?

ధాపు


ఏప్రిల్ 11

జీజీ,

ఎవరూ లేరు. ఊరికే రాశా. వదిలెయ్.

కేసా


ఏప్రిల్ 12

వదిలెయ్యాలా? నెయ్యి రాసి రొట్టె పెట్టే మనిషి ఎవరూ లేకుండా పోతుందా? నాన్న పోయి ఏడాది నిండిందో లేదో, గదిలో ఆడమనిషిని పెట్టుకున్నావా? ఆవిడ వయసెంత? ఎవరి మనిషి? అమ్మకి తెలుసా?

అందుకేనా కొక్కెం వదులు, ఇంకొన్ని రోజులు అని సాగదీస్తున్నావు? మామకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. రెండోసారి చేస్తే వాళ్ళబ్బాయి ఎత్తి "అత్త పొలంలో ఉంది" అని పెట్టేశాడు. అమ్మకి మోకాలు నొప్పి, ఈ ఎండలో పొలానికి ఎందుకు వెళ్తుంది? మీరందరూ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారు.

పూజ నాటికి కడియాలు రాకపోతే నీకు అక్క లేదనుకో.

ధాపు


ఏప్రిల్ 15

ఒరేయ్ కేసా,

నా ఆడపడుచు తన ఫోన్ తెచ్చి నా మొహం మీద పెట్టింది. "వదినా, పెళ్ళికి ఇలాంటి సెట్టు అద్దెకి తీసుకుందామా, ఎంత బాగుందో చూడు" అంది. మీ కొట్టు ఫొటో. ఎవతో ఒకతి మొహం మీదకి ముసుగు లాక్కుని అరుగు మీద కూర్చుంది. మెడలో కంటె. కాళ్ళకి కడియాలు.

ఏవో కడియాలైతే నేను పట్టించుకోను. ఎడమ కడియం చివర మొసలి మూతి చదునుగా ఉంది. నా ఐదో ఏట రోకలితో నేనే కొట్టాను దాన్ని, మొసలి అమ్మని కరుస్తుందని. ఆ మూతి నేను చీకట్లో తడిమినా చెప్తాను.

సుగ్నాతో ఏమనను? మా అమ్మవే అని చెప్పనా? మా అమ్మ వెండి జోధ్‌పూర్‌లో రోజుకింత అని అద్దెకి తిరుగుతోందని చెప్పనా? "బాగుంది" అని ఫోన్ తిరిగిచ్చేశాను.

పైగా దానికి పీళా ఓణీ కప్పావు. పసుపు ఓణీ, మధ్యలో ఎర్ర పద్మం. కొడుకుని కన్నదానికి పుట్టింటివాళ్ళు పెట్టే ఓణీ అది. ఎవతో పెళ్ళీ పెటాకులూ లేనిదాని నెత్తిన కప్పడానికి కాదు. ఏ నగకి ఏ బట్ట జతో నీకే తెలుసన్నట్టు రాశావే, దేని మీద ఏది వెయ్యాలో సేఠ్ కూడా నిన్నే పిలుస్తాడన్నావే. మన ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలుసు పీళా ఎవరిదో. నీకు తెలియలేదా? ఆ రొట్టెలావిడవేనా ఆ కాళ్ళు?

నాన్న పోయాక అమ్మ ఒంటి మీద నుంచి ఆ వెండి దించిన రోజు నువ్వు ఎక్కడో మొహం చాటేశావు. నువ్వు చూసి ఉంటే అది ఇంకొకతి కాళ్ళకి తొడగడానికి చేతులు వచ్చేవి కావు.

బావకి చెప్పాను. వచ్చి నీ చెవి పట్టుకుని లాక్కొస్తానన్నాడు.

ధాపు


ఏప్రిల్ 16, పొద్దున్న

జీజీ,

ఇది నేను నాలుగుసార్లు రాసి తుడిచేశా. నీతో ఎప్పుడూ ఎదురు మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నా.

పీళా ఎవరు వేసుకోవాలో నాకు తెలుసు. కొడుకుని కన్న తల్లి వేసుకోవాలి. ఆ కొడుకుని నేనే.

ముసుగు కింద ఉన్నది అమ్మ.

అమ్మ మామ ఇంట్లో రెండు రోజులే ఉంది. మూట పట్టుకుని నా దగ్గరికి వచ్చేసింది. నాన్న పోయినప్పటి నుంచి తను ఉంటున్న బాబాయి ఇంట్లో పిన్ని అమ్మని పొద్దున్నే ఎదురు రానివ్వట్లేదంట, శకునం బాగోదని. దూడ పుడితే కూడా చూడనివ్వలేదంట. నీకు చెప్పొద్దు అంది, ధాపు అత్తగారింట్లో మాట పడుతుంది అంది. మామకి కూడా ఒట్టు పెట్టింది. రొట్టెలావిడ ఎవరు అని అడిగావుగా. అమ్మే.

వెండి నీకే తెచ్చింది. తోమి ధాపుకి పంపరా అంది. నేను కొట్లో తోముతుంటే సేఠ్ చూశాడు. ఇలాంటి పాత పనితనం ఇప్పుడు లేదు, ఒక్క ఫొటో తీసుకుంటా, అద్దెకి వద్దులే అన్నాడు. ఫొటోల పిల్ల ఒకతి వచ్చింది. దాని కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. కడియం జారి పాదం మీద పడింది. దూది కుక్కారు. అమ్మ నాకు సద్ది తెచ్చి గుమ్మంలో నిలబడి చూస్తోంది. "అలా కాదమ్మా, మొసలి మూతులు లోపలికి కాదు, ముందుకి చూడాలి" అంది. ఆ పిల్ల "మీరే వేసి చూపించండి అమ్మగారూ" అని లేచింది.

అమ్మ వద్దంది. నేను కింద కూర్చుని కడియం విప్పా. అప్పుడు కాలు ముందుకి పెట్టింది. జీజీ, రోజూ ఎంతమందికో తొడుగుతా, అమ్మకి తొడగడం అదే మొదలు.

తొడిగాక నాలుగడుగులు వేసింది. రెండు కడియాలు ఒకదానికొకటి తగిలాయి. ఆ చప్పుడు నీకు గుర్తుందిగా, పొద్దున్నే నీళ్ళ బిందెతో వచ్చేటప్పుడు వినపడేది. అమ్మ అక్కడే అరుగు మీద కూర్చుండిపోయింది. పీళా నేనే తెచ్చి కప్పా. నేను పుట్టినప్పుడు మామ పెట్టింది అలాంటిదే అంటగా. ముసుగు తనే లాక్కుంది. మొహం కనపడదు కదా, తీసుకో అంది సేఠ్‌తో.

ఆరోజు నుంచి అమ్మ కడియాలు తియ్యలేదు. నేను తియ్యమనలేదు.

మొసలి మూతి గుర్తుపట్టావు. దాని పక్కనే ఎడమ కాలి చిటికెన వేలు ఉంది, తిరగలి రాయి పడి వంకర పోయింది. అది గుర్తుపట్టలేదు.

ఇంకోటి. దించిన రోజు నేను మొహం చాటెయ్యలేదు. తలుపు పక్కన ఉన్నా. కంసాలి పట్టకారు పెట్టి బిగుసుకుపోయిన కడియం విప్పుతుంటే అమ్మ కాలు కదలకుండా పట్టుకున్నది ఎవరో చూశా. పిన్ని కాదు. నువ్వు.

బావని రమ్మను. అమ్మ తలుపు తీస్తుంది.

కేసా


ఏప్రిల్ 18

కేసా,

నిన్నంతా గోధుమలు చెరుగుతూ కూర్చున్నాను. ముసుగు కింద అమ్మేనని బావకి ఇంకా చెప్పలేదు.

నేను పట్టుకున్నాను. అవును. నువ్వు తలుపు పక్క నుంచి ఏం చూశావో నాకు తెలుసు, నా వీపు చూశావు. నా వీపు అడ్డం ఉంది కాబట్టి నా చెయ్యి చూడలేదు. పిన్ని పట్టుకుంటానని ముందుకొచ్చింది. పిన్ని చేతులు నీకు తెలుసు, గొర్రెని పట్టినట్టు పట్టుకుంటుంది. నేను పక్కకి తోసి కూర్చున్నాను. కంసాలి పట్టకారు జారుతోంది, ప్రతిసారీ ఎముకకి తగులుతోంది. ఎడమ కాలికి అప్పటికే తోలు లేచిపోయింది. కుడి కాలికి వచ్చేసరికి నా అరచెయ్యి మధ్యలో పెట్టాను. బొటనవేలి కింద ఇంకా గీత ఉంది. పిండి కలిపేటప్పుడు ఉప్పు తగిలితే మండుతుంది. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేదేముంది?

నువ్వు మాత్రం ఏడాది పాటు కడుపులో పెట్టుకున్నావు, అక్క అమ్మ వెండి దించిందని. అడగాలనిపించలేదా?

ఇక పీళా సంగతి. నీకు కప్పాలనిపించింది, కప్పావు. నువ్వు పుట్టినప్పుడు మామ ఎడ్లబండి కట్టుకుని తెచ్చాడు ఆ ఓణీ, మిఠాయి బుట్టలతో. నాకు గుర్తుంది. నా పేరు ధాపు, ఆడపిల్లలు చాలు అని పెట్టిన పేరు. నేను పుట్టినప్పుడు ఎవరూ ఏమీ తేలేదు. అమ్మ నుంచి నాకు వచ్చేది ఆ వెండి ఒక్కటే. అది కూడా నువ్వే తొడిగావు, ఇక తియ్యమనను అంటున్నావు. నీకేం, పట్నంలో ఎవడూ అడగడు. రేపు ఈ ఫొటో ఎవరిదో ఇక్కడ తెలిస్తే? "పెద్దకోడలి తల్లి, మొగుడు పోయినావిడ, పీళా కప్పుకుని ఫొటోలు దిగింది" అంటారు. సుగ్నా పెళ్ళిలో పెళ్ళికూతురి కన్నా అదే మాట ఎక్కువ నడుస్తుంది. నా కూతురి చెవిన కూడా పడుతుంది.

ఫొటో తీయించెయ్. కడియాలు తీయించెయ్. బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపు. అమ్మని కొన్నాళ్ళు నీ దగ్గరే ఉంచుకో. పెళ్ళికి తీసుకురావద్దు.

ధాపు


ఏప్రిల్ 21

జీజీ,

నీ అరచేతి సంగతి నాకు తెలియదు. అమ్మకి చదివి వినిపించా. కాళ్ళు చాపుకుని కడియాలు పైకి జరిపి చూసుకుంది. ఎడమ చీలమండకి మచ్చ ఉంది. కుడి దానికి లేదు. నన్ను కూడా చూడమంది.

ఫొటో సేఠ్‌కి చెప్పి తీయించేశా. గొణిగాడు. దాన్ని చూసి ఇద్దరు పెళ్ళివాళ్ళు వచ్చారంట.

కడియాల గురించి అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా. "ధాపు అడిగింది, ఇస్తా. దానిదే. కానీ డ్రైవరు చేతికివ్వను, పట్టకారు ముట్టనివ్వను. వేసుకునే వస్తా. అది తన చేత్తో విప్పి తన కాళ్ళకి పెట్టుకోవాలి. మొసలి మూతులు ముందుకి చూడాలని చెప్పు" అంది. నేను అన్నా, జీజీ రావద్దంటోంది అని. "అది అలాగే అంటుంది" అంది.

కేసా


ఏప్రిల్ 22

అలాగే అంటాను. అదే అన్నాను. అర్థమయ్యేలాగే రాశాను, రావద్దు.

ఇల్లంతా చుట్టాలు. మా అత్త గుమ్మం వదలట్లేదు. వచ్చేవాళ్ళ మొహాలు ముసుగుల్లో ఉంటాయి కాబట్టి కాళ్ళే చూస్తుంది, కాళ్ళ మీద వెండి చూసి ఎవరింటి మనిషో చెప్తుంది. అమ్మ ఉత్త కాళ్ళతో వస్తే నాకు వస్తాయన్న కడియాలు ఏవి అంటుంది. వేసుకుని వస్తే అంతకన్నా పెద్ద మాట అంటుంది. ఎలా వచ్చినా పడేది నేనే. నీకు తమాషాగా ఉంది.

పెట్టెలో పెట్టి నువ్వొక్కడివే రా. లేకపోతే నువ్వూ రాకు. కుండలు మోసేటప్పుడు నేను ఉత్త కాళ్ళతోనే నడుస్తాను. నా పరువు నేను చూసుకుంటా.

ధాపు


ఏప్రిల్ 24

జీజీ,

టికెట్లు తీశా. రెండు. శనివారం మేడ్తా బస్సు, మధ్యాహ్నానికి మీ ఊరి మలుపు దగ్గర దిగుతాం.

నాకు తమాషాగా లేదు. మీ ఇంటికి రావాలంటేనే నాకు భయం. అంతమంది ఆడవాళ్ళు, అందరూ బొట్టుబిళ్ళల గురించి అడుగుతారు, నాకు చెవులు ఎర్రగా అయిపోతాయి. నేను అమ్మ వెనకాల నిలబడతా, ముందే చెప్తున్నా.

నిన్న అమ్మ నన్ను అడిగింది, కడియాల మీదకి ఏ ఓణీ కప్పుకోమంటావురా అని. ఎంతమంది పెళ్ళికూతుళ్ళకి జత కుదిర్చానో లెక్కలేదు, దీనికి నాకు ఏమీ తోచలేదు. పీళా మడిచి సేఠ్‌కి ఇచ్చేసింది. మట్టిరంగుదే కప్పుకుంటానంది, రోజూ కప్పుకునేదే. కంటె కాగితంలో చుట్టి నా సంచిలో పెట్టింది, అది నీ మెడకే అంది. కాళ్ళకి మాత్రం అవే. మట్టిరంగు ఓణీ, కింద తెల్లగా కడియాలు. కొట్లో ఎవరైనా అలా వేసుకుంటానంటే కుదరదు అనేవాణ్ణి. రాత్రి అలా తయారై నిలబడితే చూశా. నాకు తప్పేమీ కనపడలేదు.

ముసుగు కిందకి లాక్కుంటుంది. మొహం ఎవరికీ కనపడదు. మీ అత్త గుమ్మంలో కూర్చుని కిందకే చూస్తుంది. చదునైన మొసలి మూతి, పక్కన వంకర వేలు. నీ వైపు తిరిగి అడుగుతుంది, ఈ కాళ్ళు ఎవరివే అని.

నువ్వు పక్కనే ఉంటావు, చేతిలో కుంకుమ పళ్ళెంతో. ఏం చెప్తావు జీజీ?